మునిర్కా స్పెయిన్‌లో ఉన్న రోజు

నా చిన్నప్పుడు ఒక రోజు మా ఢిల్లీ మునిర్కా స్పెయిన్ దేశంలో ఉంది, బర్రెల కొట్టాలతో సహా. ఈ మాట చెప్పినప్పుడల్లా మా అమ్మాయి నవ్వుతుంది. నవ్వితే నవ్వనివ్వండి. ఆ ఊళ్ళో మధ్యాహ్నం భోజనం చేసినదాన్ని నేను, నాకు తెలుసు.

మా నాన్న ఢిల్లీలో సర్కారు గుమస్తా. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఉద్యోగానికని ఇంత దూరం వచ్చి, క్వార్టర్ దొరక్క మునిర్కాలో ఒక పాత ఇంటి కింది వాటా అద్దెకు తీసుకున్నాడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, వానాకాలంలో, అమ్మ పచ్చకామెర్లతో పోయింది.

నేను ఏడవలేదు. అందరూ ఎంత గుండె దిటవు పిల్ల అన్నారు కానీ, అది దిటవు కాదు. ఏడుపు రాలేదు, అంతే. స్కూలుకు వెళ్ళేదాన్ని, వచ్చేదాన్ని. ఎక్కాలు అడిగితే తప్పు లేకుండా అప్పజెప్పేదాన్ని. పళ్ళ డాక్టరు సూది వేశాక చెంప మనదో కాదో తెలియకుండా ఉంటుంది చూడండి, నాకు ఒళ్ళంతా అలా ఉండేది. గిల్లుకుని కూడా చూసుకున్నాను. నొప్పి ఉందని తెలిసేది కానీ అది ఇంకెవరికో అన్నట్టుండేది.

అన్నం అసలు దిగేది కాదు. నోట్లో పెట్టుకుంటే తడిసిన అట్టముక్క నములుతున్నట్టు ఉండేది. అమ్మ పోయాక మా మేనత్త వచ్చి మా ఇంట్లో ఉంది. ఆవిడ వంటకు పేరున్న మనిషి. గోంగూర పచ్చడి, కందిపొడి, ఊళ్ళోంచి తెచ్చుకున్న నెయ్యి, అన్నీ పళ్ళెంలో పెట్టి బతిమాలేది, బెదిరించేది, చివరకు తను ఏడ్చేది. ఆకలి రుచెరగదంటారు, నాకు ఆ ఆకలే లేదు. అడగనిదే అమ్మయినా పెట్టదని కూడా అంటారు. మా అమ్మ అడక్కుండానే పెట్టిన మనిషి. అందుకే నాకు అడగడం రాలేదేమో.

అత్తకూ ఊళ్ళో సంసారం ఉంది, ఎన్నాళ్ళని ఉంటుంది? పిల్ల ఇలా ఎండిపోతుంటే చూడలేననీ, ఆదివారం బండికి తనతో తీసుకుపోయి అక్కడే బళ్ళో వేస్తాననీ నాన్నతో చెప్పింది. నాన్న తల ఊపాడు. ఇద్దరికీ టిక్కెట్లు వచ్చాయి. నా టీసీ కోసం స్కూల్లో అర్జీ కూడా పెట్టారు. నన్నెవరూ అడగలేదు, అడిగినా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. వెళ్ళాలని లేదు, ఉండాలనీ లేదు. నేను వెళ్తే ఆ రెండు గదుల్లో నాన్న ఒక్కడే మిగులుతాడని మాత్రం తెలుసు. అది కూడా ఎక్కాల్లాగే తెలుసు.

మా ఇంటి డాబా మీద ఒంటిగది ఉండేది. ఢిల్లీలో దాన్ని బర్సాతీ అంటారు. అందులో ఒక అక్క అద్దెకుండేది. వరంగల్ పిల్ల, దగ్గర్లోని యూనివర్సిటీలో స్పానిష్ భాష చదివేది. పొద్దున్నే డాబా మీద పచార్లు చేస్తూ ఎవరితోనో పోట్లాడుతున్నట్టు పాఠాలు వల్లించేది. మా అత్తకు ఆ అక్కంటే పడదు. ఆడపిల్లకు ఆ గొడవ భాషేమిటని సణిగేది.

నన్ను తీసుకెళ్ళాల్సిన ఆదివారానికి ముందు, వారం మధ్యలో, అక్క కిందికి దిగొచ్చి గుమ్మంలో కూర్చున్న నా పక్కన కూర్చుంది. తిన్నావా అని అడగలేదు. ఎందుకు తినవనీ అడగలేదు. తనకే కష్టమొచ్చిందని చెప్పింది.

"వచ్చే నెల నేను స్పెయిన్ పోతున్న. వాలెన్సియా అని ఒక ఊరు. వాళ్ళిచ్చే పైసలు రూముకే సాలవు. మంచిగ, సస్తగ తిండి యాడ దొరుకుతదో ఎట్ల కనుక్కోవాలె? జర ప్రాక్టీసు చేద్దాం, నడువ్."

వెళ్ళాలనిపించి వెళ్ళలేదు. వద్దని చెప్పడానికి నోరు తెరవాలి, లేచి నడవడానికి అది కూడా అక్కర్లేదు. అందుకని లేచాను.

సందు మొదట్లోనే అక్క నియమాలు చెప్పేసింది. ఇది మునిర్కా కాదు, వాలెన్సియా. మేమిద్దరం ఇప్పుడే బండి దిగాం. ఎవరూ తెలియదు. తనకు ఇక్కడి భాష ఒక్క ముక్క రాదు కాబట్టి ఎవరిని ఏం అడగాలన్నా నేనే అడగాలి. ఢిల్లీ బడిలో చదువుకున్నదాన్ని, హిందీ నాకు నీళ్ళు తాగినట్టు వచ్చు. కానీ నేను మాట్లాడి చాలా రోజులైంది.

ముందు పెద్ద రోడ్డు మీది హోటలు దగ్గరకు వెళ్ళాం. గోడ నిండా వంటకాల బొమ్మలు, గుమ్మంలో రండి రండి అని చెయ్యి ఊపే మనిషి. అక్క నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగేసింది. పిలిచి మరీ కూర్చోబెడుతున్నారంటే లోపల కుర్చీలు ఖాళీగా ఉన్నట్టేనట. మంచి తిండి ఎక్కడ దొరుకుతుందని కిరాణా కొట్టాయన్ని అడగమంది. అడిగాను. ఆయన వేలు తిన్నగా ఆ బొమ్మల హోటలు వైపే చూపించింది. మందుల షాపతను కూడా అదే చూపించాడు.

అక్క నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "కొత్తోళ్ళకు అందరు గదే సూపిస్తరు. వాళ్ళు మాత్రం ఆడ తినరు. వేరే తీరుగ అడుగుదాం" అంది.

వేపచెట్టు కింద బల్ల వేసుకుని ఒకతను బట్టలు ఇస్త్రీ చేస్తున్నాడు. అక్క చెప్పమన్నట్టు అతన్ని అడిగాను, భయ్యా, ఖానా ఖా లియా, అన్నం తిన్నారా అని. తల ఎత్తకుండానే, హాఁ బేటీ, ఖా లియా అన్నాడు. ఏం తిన్నాడో అడుగు అంది అక్క. క్యా ఖాయా, అన్నాను. అతని చెయ్యి చొక్కా కాలరు మీద ఆగింది. ఇస్త్రీ పెట్టె పక్కన నిలబెట్టి, నా వైపు చూసి, దొంగ దొరికినట్టు నవ్వాడు. ఇంకా తినలేదట. మరి నిన్నేం తిన్నారని అడిగాను. అంతే, మనిషికి ఎక్కడ లేని హుషారు వచ్చింది. కడీ చావల్ తిన్నాడట, కడీలో పకోడీలు దూదిలా ఉన్నాయట. చేతులతో కలిపి, పిసికి చూపించాడు. బొగ్గుల పెట్టె అలాగే వదిలేసి సందు మలుపు దాకా వచ్చి దారి కూడా చెప్పాడు.

"సూసినవా? తిన్నవా అంటే అందరు తిన్న అనే అంటరు. ఏం తిన్నవ్ అంటెనే నిజం బయటికొస్తది" అంది అక్క, దారిలో.

బర్రెల కొట్టం పక్కన బోర్డైనా లేని గది అది. ఒక పెద్దావిడ నేల మీద కూర్చుని వడ్డిస్తోంది. కడీ అంటే మన మజ్జిగ పులుసుకు చుట్టమే, శనగపిండి కాస్త ఎక్కువ. అక్క తన పళ్ళెం ముందు పెట్టుకుని, ఉత్తరాది ఉప్పు తనకు అర్థం కాదనీ, సరిపోయిందో లేదో నేను రుచి చూసి చెప్పాలనీ అంది. తిన్నాను. కొంచెం దిగింది. నాలుక మీద వెచ్చగా ఉందని మాత్రం తెలిసింది.

"తెలియట్లేదక్కా" అన్నాను.

"తెల్వకుంటె తెల్వదనుడే మంచిది" అని తన మానాన తను తినేసింది. నన్ను ఇంకో ముద్ద తినమనలేదు. అందుకే ఇంకో ముద్ద తిన్నాను.

సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి వచ్చి మంచం మీద కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు. రోజూ లాగే అత్త వంటింట్లోంచి, అన్నం పెట్టనా అంది. రోజూ లాగే నాన్న, క్యాంటీన్‌లో అయిపోయిందక్కా అన్నాడు. పొద్దున ఆలస్యమైందని తినకుండా వెళ్ళడం, సాయంత్రం అయిందనడం. మా ఇంట్లో ఎవరూ ఆ మాట మీద రెండో మాట అడగలేదు. ఎవరింట్లో మాత్రం అడుగుతారు? భోజనమైందా అంటే అయిందనడం మర్యాద. నేనింకా వాలెన్సియాలోనే ఉన్నట్టున్నాను.

"ఏం తిన్నావు నాన్నా?" అన్నాను.

"అదేనమ్మా..." అన్నాడు. విప్పిన బూటు చేతిలోనే ఉంది.

"పోనీ నిన్నేం తిన్నావు?"

నాన్న ముఖం ఎత్తి నన్ను చూశాడు. అమ్మ పోయిన తరవాత మేమిద్దరం సరిగ్గా ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం అదే మొదలు. చొక్కా భుజాల మీంచి జారిపోతోందని, చెంపలు లోపలికి పోయాయని అప్పుడు చూశాను. నేను తినకపోవడం ఊరంతటికీ తెలుసు. నాన్న తినకపోవడం ఎవరికీ తెలియదు. అత్త గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. నాన్న ఇంకో చేత్తో కళ్ళు మూసుకున్నాడు. భుజాలు కదిలాయి, చప్పుడు మాత్రం లేదు. నాకు ఏడుపు రాలేదు. కానీ ఎక్కడో, చెంపలో మత్తు దిగేటప్పుడు సూదులు గుచ్చినట్టు, కొంచెం నొప్పి పుట్టింది. ఈసారి ఆ నొప్పి నాదే.

నాన్న కళ్ళు తుడుచుకుని, బూటు కింద పెట్టి, "నువ్వేం తిన్నావమ్మా?" అన్నాడు.

"కడీ చావల్" అన్నాను. ఎక్కడ అన్నాడు. చూపిస్తానని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. అత్త వండిన అన్నం ఇంట్లో ఉండగా బయటికి పోయాం. ఆవిడ ఒక్క మాట అనలేదు, అది ఆవిడ గొప్పతనం.

ఆ పెద్దావిడ అడుగూ బొడుగూ ఊడ్చి నాన్నకు పెట్టింది. నాన్న ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి, "ఉప్పు తగ్గింది" అన్నాడు. నేను ఆయన పళ్ళెంలోంచి ఒక ముద్ద తీసుకున్నాను. నిజమే, ఉప్పు తగ్గింది. నాకు తెలిసింది. ఇద్దరం ఆ పళ్ళెం ఖాళీ చేశాం.

ఆదివారం అత్త ఒక్కతే బండెక్కింది. నన్ను తనతో పంపనని చెప్పింది నాన్నే. ఇద్దరం ఒకరికొకరం ఏం తిన్నామో చెప్పుకుంటామని, అంతకంటే కారణం తన దగ్గర లేదని అన్నాడట. అత్త బతికినన్నాళ్ళూ, ఆ స్పెయిన్ పిల్ల మా మేనకోడల్ని నాకు కాకుండా చేసిందని సరదాగా తిట్టేది. ఆ రాత్రి నుంచి నేను లొట్టలేసుకుంటూ తిన్నానని చెప్పను. ఏడుపు కూడా చాలా నెలల తరవాత, ఒకరోజు అమ్మ మూకుడు తోముతుంటే వచ్చింది. కానీ రోజూ సాయంత్రం మా ఇంట్లో ఆ ప్రశ్న ఉండేది. జవాబు చెప్పాలి కాబట్టి ఇద్దరం ఏదో ఒకటి తినేవాళ్ళం.

అక్క వాలెన్సియా వెళ్ళి తిరిగొచ్చింది. ఆ రోజు నాకు చెప్పిన ఉపాయాలన్నీ దారిలో అప్పటికప్పుడు పుట్టించినవేనట. అక్కడ అన్నీ పనికొచ్చాయట. ఒక్క చిక్కేమిటంటే, రెండు దాటితే కానీ ఆ ఊళ్ళో ఎవరూ భోజనానికి లేవరు, పన్నెండింటికే మన వరంగల్ కడుపు కేకలు పెట్టేదని నవ్వింది.

ఆ ఉపాయాలు అక్కడ పనికొస్తాయన్నది నిజమేనని చాలా ఏళ్ళకు నేనే చూశాను. మా అమ్మాయిని గుర్‌గావ్ ఆఫీసు వాళ్ళు కొన్నాళ్ళు అదే ఊరికి పంపితే, నేనూ మావారూ చూడ్డానికి వెళ్ళాం. పెద్ద చర్చి ముందు చౌకులో బొమ్మల బోర్డులు, రండి రండి అనే మనుషులు, అచ్చం మా పెద్ద రోడ్డే. మావారు అప్పటికే కుర్చీ లాక్కుంటుంటే చెయ్యి పట్టి లేపాను. మందుల షాపులో ఒకావిడను, మీరు నిన్న మధ్యాహ్నం ఏం తిన్నారు, ఎక్కడ తిన్నారని మా అమ్మాయి చేత ఫోనులో అనువాదం చేయించి అడిగాను. ఆవిడ కౌంటరు వదిలి బయటికొచ్చి మరీ దారి చెప్పింది. మార్కెట్టు వెనక సందులో, నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసిన ఆనాటి భోజనం. గోడలకు రంగులేసేవాళ్ళు మరకల బట్టలతోనే కూర్చుని తింటున్నారు. మన మీల్స్ లాంటిదే, అన్నీ కలిపి ఒకటే ధర. ముందు పప్పులాంటి చిక్కటి చారు, తరవాత చేప, రొట్టె, చివర్లో నారింజ పండు. పప్పుకు తిరగమోత లేదని మావారు సణిగారు. సణుగుతూనే రొట్టెముక్కతో గిన్నె తుడుచుకు తిన్నారు.

ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఫరీదాబాద్‌లో ఈ ఫ్లాట్‌లో ఒక్కదాన్నే ఉంటున్నాను. పళ్ళ డాక్టరు సూది మళ్ళీ పడింది, ఈసారి అరవై దాటిన ఒంటికి. తిన్నారా అని రోజూ ఎవరో ఒకరు ఫోను చేస్తారు. ఆఁ, అయింది అంటాను. అంత తేలికైన అబద్ధం లోకంలో ఇంకోటి లేదు. నాన్న దాన్ని అంతకాలం ఎలా మోశాడో ఇప్పుడు అర్థమైంది. అందుకని చీకటి పడేవేళకు వంటింట్లో నిలబడి పైకే అడుగుతాను, ఏం తిన్నావే అని. చాలా రోజులు ఏదో ఒక జవాబు ఉంటుంది. పెరుగన్నమో, రెండు అరటిపళ్ళో.

నిన్న జవాబు లేదు. మొన్నటిది గుర్తు చేసుకోబోతే అదీ లేదు. చెప్పులేసుకుని లిఫ్టులో కిందికి దిగాను. గేటు దగ్గర వాచ్‌మన్ నమస్కారం పెట్టి, భోజనమైందా అని రోజూ అడిగినట్టే, "ఆంటీజీ, ఖానా హో గయా?" అన్నాడు. ఏడాదిగా అందరికీ చెప్పిన మాట నోటిదాకా వచ్చింది.

"నహీఁ భయ్యా" అన్నాను. "కల్ భీ నహీఁ ఖాయా," నిన్న కూడా తినలేదని.