ఫోటో లేని తల్లి

మా హాస్టల్ స్నేహితులు ఎప్పుడు కలిసినా ఈ కథ ఒకేలా చెబుతారు. వార్డెన్ రాక్షసి, కన్నతల్లి వస్తే గేటు దగ్గర్నించే తరిమేసింది అని. నేను ప్రతిసారీ అడ్డుపడతాను. ఆ రోజు వార్డెన్ హాస్టల్లోనే లేదు, నెల సరుకులకి వన్ టౌన్ వెళ్లింది. రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నది నేను. అలా అంటే, "నీకు ప్రతిదానికీ వాదనేనే, వదిలెయ్" అంటారు. ఎలా వదలను?

తొంభైల్లో బెజవాడలో ఆడపిల్లల కాలేజీ హాస్టల్. సాయంత్రం ఆరింటికి హాజరు. ఆదివారం మూడు నుంచి అయిదు వరకే విజిటర్లు. చేరిన రోజున తండ్రి ఒక కార్డు మీద, అమ్మాయిని చూడ్డానికి రాదగిన వాళ్ల ఫోటోలు అతికించి సంతకం పెట్టాలి. ఫోటో లేనివాడు దేవుడైనా సరే గేటు బయటే. మేనమామలమనీ, పెదనాన్న కొడుకులమనీ చెప్పుకుంటూ వచ్చే కుర్రాళ్ల కోసం పెట్టిన రూలు అది.

రూల్స్ అన్నిటి మీదా గొడవపడేదాన్ని నేను. పెరుగులో అన్ని నీళ్లెందుకు, పదింటికే లైట్లెందుకు ఆర్పాలి, ఉత్తరాలు విప్పి చూసే హక్కు ఎవరిచ్చారు? వేగలేక, మూడో ఏడాది వార్డెన్ నన్నే ప్రతినిధిని చేసింది. "నోరుందిగా, దేనికైనా పనికొచ్చేలా వాడు" అంది. తాను లేనప్పుడు రిజిస్టరు నాది. పెత్తనం చేతికొచ్చిన మర్నాటి నుంచీ ఆ రూల్స్ నాకు ఎంత ముద్దొచ్చాయో చెబితే నమ్మరు.

ఆవిడ ఒక బుధవారం మధ్యాహ్నం వచ్చింది. నలిగిన నూలు చీర, చేతిలో గుడ్డతో కట్టిన స్టీలు క్యారేజీ, ఒంటిని అంటుకున్న ఎండుచేపల వాసన. నా రూమ్మేట్ పేరు చెప్పింది. రూమ్మేట్ నాకంటే ఒక ఏడాది చిన్న. దివిసీమ చివర, సముద్రం ఒడ్డు పల్లె పిల్ల. ఆ వేళప్పుడు ల్యాబ్‌లో ఉంది, నాలుగింటిదాకా రాదు.

"మా అమ్మాయే తల్లీ. రెండో సమచ్చరం సదువుద్ది. ఒక్కసారి పిలుత్తావా?"

కార్డు తీశాను. తండ్రి ఫోటో, బాబాయి ఫోటో. అంతే.

"మీ ఫోటో లేదండీ ఇందులో."

"నాకు ఫోటో యాడుందమ్మా? ఎప్పుడూ తీయించుకోలా."

"తల్లైతే కార్డు మీద ఉండేవారు కదా?"

ఈ మాట అన్నది కూడా వార్డెన్ అనే చెప్పుకుంటున్నారు. నేను. నా నోటితో.

వాచ్‌మన్ పక్క నుంచి గొణిగాడు, "ఆ గడ్డం చూడండమ్మా. ఆ పాప గడ్డమే." చూశాను. నా పక్క మంచం మీద రోజూ కనిపించే సొట్ట. తెలిసింది నాకు. తెలిసే, రూలు రూలేనన్నాను. అంతకు వారం ముందు గన్నవరం నుంచి కారులో దిగిన ఒకావిడకి, వారం కాని వారం, కార్డు అడక్కుండానే కుర్చీ వేయించిన దాన్ని.

పిల్ల వచ్చేదాకా లోపల వరండాలో కూర్చుంటానంది. కుదరదన్నాను. ఎదురుగా జిరాక్స్ షాపు మెట్ల మీద కూర్చుంది. మూడున్నరకి లేచి మళ్లీ వచ్చింది.

"నాలుగుంపావుకి సల్లపల్లి బస్సమ్మా. అది తప్పితే ఆ పైన మా ఊరికి దారుండదు. పోనీ, ఒక మాట సెబుతా, దానికి సెప్పవా?"

"ఆదివారం మీ ఆయనతో వచ్చి మీరే చెప్పుకోండి. నేను పోస్ట్‌మన్ని కాదు."

క్యారేజీ ఇవ్వబోయింది. బయటి తిండి లోపలికి రానివ్వం అన్నాను. కోప్పడుతుందనుకున్నాను. నవ్వింది. "గట్టిదానివే! మా పిల్లకీ నీలా నోరుంటే బాగుండును" అని, క్యారేజీ మళ్లీ గుడ్డలో కట్టుకుని వెళ్లిపోయింది.

నాలుగింటికి రూమ్మేట్ వచ్చింది. చెప్పాను. పుస్తకాలు నా బల్ల మీద పడేసింది.

"అక్కా, ఆటోలో బస్టాండుకెళ్లి వచ్చేస్తా. అరగంట!"

"ఔట్‌పాస్ మీద మేడమ్ సంతకం ఉందా?"

అప్పుడు వెనక్కి తగ్గితే, మధ్యాహ్నమంతా నేను చేసింది తప్పని ఒప్పుకున్నట్టే కదా! గోడ గడియారం నాలుగుంపావు దాటేదాకా ఆ పిల్ల గేటు ఊచలు పట్టుకుని నిలబడింది. నాతో వాదించలేదు. వాళ్లమ్మ సరిగ్గానే చెప్పింది, దానికి నోరు లేదు.

వార్డెన్ అయిదున్నరకి కందిపప్పు బస్తాలతో రిక్షా దిగింది. జరిగింది గొప్పగా చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

"ఎప్పుడు చూసీ చూడనట్టు ఊరుకోవాలో కూడా కార్డు మీద రాస్తారుటే? నోరొక్కటే ఇచ్చాడు నీకు దేవుడు" అని విసురుగా లోపలికి పోయింది. మా వాళ్లు రాక్షసి అనేది ఈవిడనే.

ఆదివారం ఎవరూ రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. మూడో వారంలో బాబాయి వచ్చాడు. కార్డు మీద ఫోటో ఉంది. మనిషికీ ఫోటోకీ తేడా ఏమీ లేదు. వెంటనే లోపలికి పంపాను. ఆయన తెచ్చింది తల్లి చావు కబురు. ఆ బుధవారం ఆవిడ ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, ఒక్కతే పెద్దాసుపత్రిలో చూపించుకోవడానికి వచ్చిందట. కడుపులో గడ్డ, ముదిరిపోయిందన్నారట.

రూమ్మేట్ బట్టలు సర్దుకుంటూ నన్ను ఒకటే అడిగింది. "అక్కా, అమ్మ నాకేమైనా చెప్పమందా?"

"లేదు" అన్నాను.

అబద్ధం కాదని చాలా ఏళ్లు నాతో నేనే వాదించుకున్నాను. చెప్పనిస్తే కదా చెప్పడానికి! రూమ్మేట్‌కి ఇంట్లో ఇద్దరు చిన్న తమ్ముళ్లు. ఆ పిల్ల తిరిగి చదువుకి రాలేదు. వాళ్ల నాన్న ట్రంకు పెట్టె తీసుకెళుతూ నా రిజిస్టర్లో వేలిముద్ర వేశాడు.

వార్డెన్ ఇప్పుడు లేదు. ఆవిడ మీద పడిన నిందని నా మీదికి లాక్కోవడానికి నేను చేసే వాదన ఎవరూ వినరు. సరే, వినకండి. నాకు కావలసింది వేరే. ఆసుపత్రి నుంచి తిన్నగా కూతురి దగ్గరికి వచ్చి, రెండు గంటలు మెట్ల మీద కూర్చుని, చివరికి నాలాంటి దానితోనైనా చెప్పి పంపుదామనుకుందే ఆ తల్లి, ఆ ఒక్క మాట ఏమిటి?