చెవుల్లో దూది

నాకు చప్పుళ్ళు పడవు. ఈ మాట అంటే ఎదుటివాళ్ళు "ఎవరికి మాత్రం పడతాయిలే" అని నవ్వి, చేతిలో ఉన్న ఫోను సౌండు ఇంకాస్త పెంచుతారు. వాళ్ళకు చెప్పి ప్రయోజనం లేదని నాకు చాలా ఏళ్ళ క్రితమే అర్థమైంది. పెళ్ళి మేళం మొదలైతే ముందు నా మెడ వెనక నరాలు బిగుసుకుంటాయి. తర్వాత చేతులు చల్లబడతాయి. ఆ పైన వెలుతురు కళ్ళలో గుచ్చుకుంటుంది, ఎవరి చెయ్యి తగిలినా ఒళ్ళు మండుతుంది, ఊపిరి అందదు. అప్పుడు నేను అక్కడి నుంచి లేచి పోవాలి. పోకపోతే పడిపోతాను. నలభై ఆరేళ్ళుగా ఇదే బతుకు.

మాది నెల్లూరు జిల్లాలో సముద్రం ఒడ్డు పల్లె. మా అమ్మ ఉప్పు మడుల్లో కూలికి పోయేది. ఊళ్ళో ఉన్న నలభై ఇళ్ళూ ఒకే సంఘం, ఒకే రేకుల చర్చి. ఆ రేకుల కింద డోలక్కు, కంజీరలు, చప్పట్లు ఒక్కసారిగా మొదలైతే బయట చెట్టు మీద కాకులు కూడా లేచిపోయేవి. కాకులకున్న స్వేచ్ఛ నాకు లేదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక ఆదివారం పాటల మధ్యలో చెవులు మూసుకొని బల్ల కిందికి దూరాను. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, పాట ఆపించి "ఈ బిడ్డలో ఏదో ఉండాది" అన్నారు. అంతే, ఇరవై మంది నా చుట్టూ చేరారు. తల మీద చేతులు, వీపు మీద చేతులు, ఒక్కొక్కరిదీ ఒక్కో ప్రార్థన, అన్నీ పైస్థాయిలో. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆ రోజు తెలుసుకున్నాను. స్పృహ తప్పిపోయాను. నాలోంచి అది వెళ్ళిపోయిందని అందరూ సంతోషపడి ఇంకో పాట అందుకున్నారు. వాళ్ళను నేను తిట్టుకోను. వాళ్ళది నిజమైన ప్రేమే. కాకపోతే మా సంఘంలో ప్రేమకు గొంతు ఎక్కువ.

అమ్మ ఎవరితోనూ వాదించలేదు. నన్ను ఎత్తుకొని ఇంటికి తెచ్చి, చీకటి మూల చాప వేసి పడుకోబెట్టింది. మరుసటి ఆదివారానికి పాత దిండు గలీబులో నాలుగు శేర్ల రాళ్ళ ఉప్పు పోసి, మూతి కుట్టి, చర్చిలో తలుపు పక్కన నన్ను కూర్చోబెట్టి ఒళ్ళో పెట్టింది.

"దీన్ని పట్టుకోనుండు. ఇది ఉంటే నువ్వు యాడికీ ఎగిరిపోవు" అంది.

ఆ మాట నిజమైంది. తొడల మీద ఆ బరువు, గుడ్డలోంచి వేళ్ళకు తగిలే ఉప్పురాళ్ళ గరుకు, రెండూ కలిసి నన్ను నేల మీద ఉంచేవి. వానాకాలంలో మూట చెమ్మగిల్లి నీళ్ళు కారేది, గౌను తడిసిపోయేది. అమ్మ దాన్ని విప్పి, ఉప్పు ఎండబోసి, మళ్ళీ కుట్టేది. దడ మరీ ఎక్కువైతే నిమ్మాకు నలిపి ముక్కు దగ్గర పెట్టేది. ఇవన్నీ ఆమెకు ఎవరు నేర్పారో నాకు తెలియదు. అడగాలని ఎప్పుడూ తోచలేదు.

పెళ్ళయ్యాక ఉప్పు మూటతో సహా నాయుడుపేట వచ్చాను. ఇల్లు హైవే పక్కన. లారీ హారన్లతో మొదటి ఏడాది నా తలప్రాణం తోకకొచ్చింది. ఆ తర్వాత ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకున్నాను. విచిత్రమేమిటంటే మిషను చప్పుడు నన్నేమీ చెయ్యదు. అది నా కాలి కింద ఉంటుంది, నేను ఆపితే ఆగుతుంది. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు నలుగురూ కలిసి మాట్లాడటం మొదలుపెడితే మాత్రం, గుండీల డబ్బాలో చెయ్యి పెట్టి వేళ్ళతో కెలుకుతూ ఉంటాను. గుండీ కోసం వెతుకుతున్నానని వాళ్ళనుకుంటారు. ఫోనుకు సౌండు అనేదే ఉంచను. బజారుకు పోయేటప్పుడు చెవుల్లో దూది, పైన చున్నీ.

నాలుగేళ్ళ క్రితం నెల్లూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయాను. అంతా విని, ఇది చాలామందికి ఉంటుందని, పిచ్చి కాదని, దయ్యం అసలే కాదని చెప్పింది. మణికట్ల మీద చల్లనీళ్ళు పోసుకోమంది, బరువైనదేదైనా ఒళ్ళో పెట్టుకోమంది. ఉప్పు మూట సంగతి చెబితే రాయడం ఆపి నా వైపు చూసింది. "మీ అమ్మగారు ఏం చదువుకున్నారు?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. మా అమ్మకు వేలిముద్రే.

అమ్మకు కిడ్నీలు చెడిపోయాయి. ఇక ఎక్కువ రోజులు లేవని అందరికన్నా ముందు ఆమెకే తెలిసింది. మా సంఘంలో ఒక ఆచారం ఉంది. పెట్టె మూసే ముందు, చనిపోయిన మనిషి ముఖం మీద పెద్ద బిడ్డ తెల్లగుడ్డ కప్పాలి. చివరి చూపు అదే. పెద్ద బిడ్డను నేనే. నేనెలాగూ ఆ గోలలో నిలబడలేనని, తమ్ముడు కప్పుతాడని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఒక సాయంత్రం అమ్మ నన్ను మంచం దగ్గరికి పిలిచింది.

"నా మొగం మీద గుడ్డ నువ్వే కప్పాలమ్మే."

"అంతమందిలో నేనుండలేనమ్మా. నీకు తెల్దా?"

"తెలుసు. వాడి చెయ్యి మోటు. నీదయితే మెల్లంగా ఉంటాది. ఆ కాసేపు ఉండు. నాకోసరం."

ఉంటానని చెప్పాను. అమ్మ నన్ను అడిగింది జన్మలో అదొక్కటే.

ఆమె పోయిందని తెల్లవారుజామున మా ఆయనకు ఫోను వచ్చింది. నేను, మా ఆయన కట్టుబట్టలతో బస్సెక్కాం. ఉప్పు మూట నాయుడుపేటలోనే ఉండిపోయింది. నెల్లూరు దాటాక గుర్తొచ్చింది. వెనక్కి ఎలా పోతాం?

మరుసటి రోజు మధ్యాహ్నం భూస్థాపన. మా సమాధుల దొడ్డి పల్లంలో ఉంది. సముద్రం పోటు మీదుంటే తవ్విన గుంతలో అడుగు నుంచి నీళ్ళు ఊరతాయి. అందుకని మా ఊళ్ళో ఎవరు పోయినా ముందు పోటు ఎప్పుడో చూసుకొని, ఆ తర్వాతే అయ్యగారిని అడుగుతారు. ఆ రోజు నాలుగు లోపల దించేయాలన్నారు.

ఇంటి ముందు షామియానా, రెండు నల్లటి స్పీకరు డబ్బాలు, కీబోర్డు. పక్క ఊళ్ళ నుంచి వచ్చిన అయ్యగార్లు ముగ్గురు. మైకు చేతికొస్తే వదిలేవాడు మా వైపు పుట్టలేదు. ఆడవాళ్ళ ఏడుపులు, ఫ్రిజ్ పెట్టెకు పెట్టిన జనరేటరు మోత. వచ్చిన ప్రతివాళ్ళూ నన్ను కావలించుకొని భుజం మీద ఏడ్చి, చెమట తుడుచుకొని పక్కకు పోతున్నారు. నేను అమ్మ ముఖం వైపే చూస్తూ, నిలబడాలి, నిలబడాలి అనుకుంటున్నాను. మణికట్ల మీద రెండుసార్లు నీళ్ళు పోసుకున్నాను. మూడోసారి చెంబు చేతిలోంచి జారింది.

అమ్మ ముక్కులో పెట్టడానికి తెచ్చిన దూది కట్ట మంచం పక్కన మిగిలి ఉంది. నా దూది నేను తెచ్చుకోలేదు. అందులోంచి రెండు ముక్కలు తీసి చెవుల్లో కుక్కుకున్నాను. మా పిన్నమ్మ, అమ్మ చెల్లెలు, చూడనే చూసింది.

"ఏందమ్మే నువ్వు చేసే పని! శవానికి తెచ్చిన దూది బతికుండే మనిషి పెట్టుకుంటాదా? తీసెయ్ ముందు!"

నలుగురూ తలలు తిప్పారు. తియ్యలేదు. తీస్తే అక్కడే పడిపోతాను. అయ్యగారు ఆఖరి పాట మొదలుపెట్టారు, కీబోర్డాయన సౌండు పెంచాడు. పాట అయ్యాక పెట్టె మూస్తారని తెలుసు. ఈ పాట ఆరు చరణాలు, ఆలోపల వచ్చేయొచ్చు అనుకొని పెరటి గుమ్మంలోంచి బయటికి నడిచాను. ఎవరికీ చెప్పలేదు. అది నా తప్పు.

ఇంటి వెనక ఉప్పు నిలవ చేసే కొట్టం ఉంది. తలుపు మూసుకున్నాను, లోపల చీకటి, చల్లదనం. చున్నీని తల చుట్టూ బిగించి కట్టుకొని, మోకాళ్ళ మీద కూర్చొని, ఉప్పు కుప్పలోకి రెండు చేతులూ మోచేతుల దాకా దూర్చాను. దూది లోపలికి ఇంకా నొక్కుకున్నాను. నెమ్మదిగా ఊపిరి అందింది. వంద లెక్కపెట్టాను. చేతుల వణుకు తగ్గలేదని ఇంకో వంద లెక్కపెట్టాను. ఎన్ని వందలు లెక్కపెట్టానో ఇప్పటికీ చెప్పలేను.

తిరిగి వచ్చేసరికి పెట్టె మూత మీద మేకులు దిగుతున్నాయి. సుత్తి లేచి పడటం కనిపిస్తోంది గానీ చప్పుడు లేదు. తమ్ముడు నన్ను చూసి తల తిప్పుకున్నాడు. పెట్టె లేచింది, జనం లేచారు. పిన్నమ్మ నా పక్కగా పోతూ ఏదో అంది. దూది అడ్డంగా ఉండి అదీ వినపడలేదు.

దించిన మూడో రోజే నేను తమ్ముడి మీద విరుచుకుపడ్డాను. "ఒక్క నిమిషం ఆగలేకపోయారంట్రా? నాకోసం ఆ పాట ఒక్కటి ఆపలేకపోయారా? అమ్మ నన్ను కదా కప్పమనింది!" అన్నాను. వాడు "సరేలే అక్కా, వదిలెయ్" అన్నాడు. ఆ మాటతో నాకు ఇంకా ఒళ్ళు మండింది. తప్పు చేసినవాడే వదిలెయ్ అంటాడని, ఐదు నెలలు వాడితో మాట్లాడలేదు. సంఘం మొత్తం మీద కోపం పెంచుకున్నాను. చిన్నప్పుడు నన్ను చుట్టుముట్టింది వీళ్ళే, ఇప్పుడు మా అమ్మ ముఖం నాకు దక్కకుండా చేసింది కూడా వీళ్ళే అని మా ఆయన విసుక్కునేదాకా చెప్పాను.

మొన్న ఒక మధ్యాహ్నం మరదలు ఆ రోజు తీయించిన వీడియో ఫోనుకు పంపింది. మిషను ఆపి చూడటం మొదలుపెట్టాను. సౌండు లేకుండానే, ఎప్పటిలాగే. అయ్యగారి నోరు, ఆడవాళ్ళ నోళ్ళు, కీబోర్డు మీద వేళ్ళు, అన్నీ ఆడుతున్నాయి. కాసేపటికి తమ్ముడు తెల్లగుడ్డ చేతిలో పట్టుకొని అటూ ఇటూ చూశాడు. అయ్యగారి చెవిలో ఏదో చెప్పాడు. అయ్యగారు మైకు కిందికి దించారు. కీబోర్డాయన చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎవరో వంగి స్పీకరు వైరు పీకేశారు. మరొకాయన జనరేటరు వైపు పోయాడు, పందిట్లో బల్బులు ఆరిపోయాయి. ఆడవాళ్ళు కొంగులు నోళ్ళలో కుక్కుకున్నారు. వీడియో ఆగిపోయిందేమో అనుకున్నాను. కానీ తమ్ముడి చేతిలో గుడ్డ అంచు గాలికి కదులుతోంది.

ఎన్నో ఏళ్ళ తర్వాత ఫోను సౌండు పెట్టాను. ఏమీ వినపడలేదు. పూర్తిగా పెంచాను. గాలి, దూరంగా సముద్రం, ఎవరిదో చిన్న దగ్గు. తర్వాత తమ్ముడి గొంతు, పెరటి వైపు తిరిగి.

"అక్కా! ఆపేసినాం అక్కా. అన్నీ ఆపేసినాం. రాక్కా."

మూడుసార్లు పిలిచాడు. పిన్నమ్మ చెప్పుల్లేకుండా వీధి వైపు పరుగెత్తింది, ఒంటరిగా తిరిగొచ్చింది. గుంత తవ్వినాయన లోపలికి వచ్చి "నీళ్ళు ఊరతన్నాయి నాయనా" అంటే, తమ్ముడు "ఇంకొంచేపు ఆగన్నా, మాయక్క వస్తాది" అన్నాడు. వందమంది పైన నిలబడి ఉన్నారు, ఒక్కరూ నోరెత్తలేదు. చివరికి వాడే వంగి గుడ్డ కప్పాడు. అది వంకరగా పడింది, సరిచేయబోతే ఇంకో పక్కకు జారింది.

నాలుగు నిమిషాల పైన ఆగారు. అంత నిశ్శబ్దంలో నేను ఎంతసేపైనా నిలబడి ఉండేదాన్ని.