మూడో కమాను

ఆ ఏటి వానలకు, మా ఊళ్లో దండు అని పిలిచే కంటోన్మెంటు వైపున్న పాత సమాధుల తోటలో కమానుల వరస ఒక పక్కకు ఒరిగింది. నేను కట్టడాల ఇంజనీరును. చర్చి పెద్దలు వచ్చి చూడమంటే వెళ్లాను.

తెల్లవాళ్ల సైన్యం ఇక్కడున్న కాలంలో కట్టిన తోట అది. లావాటి ఇటుక స్తంభాలు, వాటి మీద గుండ్రటి కమానులు, వెనక పొడవాటి వసారా. శవపేటికతో వచ్చినవాళ్లు ఎండావానల్లో తలదాచుకోవడానికట. అప్పట్లో బెల్లం నీళ్లు, కరక్కాయ రసం పోసి నూరిన సున్నంతో కట్టారు. తర్వాతెవరో పైన సిమెంటు పూస్తే, తడి బయటికి పోలేక ఇటుక పొడిపొడిగా రాలుతోంది. పడగొట్టి మామూలు గోడ కట్టుకోవడమే మేలనుకున్నాను.

ఆదివారం భోజనాల దగ్గర ఆ మాటే అన్నాను. మా ఆవిడ మేనత్త ఎత్తిన ముద్ద కంచంలో పెట్టేసింది. ఎనభై దాటిన మనిషి, పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే.

"మా యమ్మ ఆడే ఉండాదప్పా. రాయి ఏపించే తాహత్తు మా నాయనకు లేకపాయ. గేటు కాణ్ణించి మూడో కమానుకు ఎదురుగా అని గుర్తు సెప్పినాడు. అవి తీసేస్తే నేనెట్ల కనుక్కునేది?"

మర్నాడు ఆమెను ఆటోలో తీసుకెళ్లాను. మూడో స్తంభం మీద చెయ్యి వేసి నిలబడింది.

"అమ్మను దించేటప్పుడు ఒకటే వాన. దీన్నే కరుచుకోని ఏడిసినా."

ఎదురుగా గడ్డి తప్ప ఏమీ లేదు. ఆమె అక్కడే కూర్చుంది. నేను సిమెంటు పూత చెక్కి చూశాను. లోపలి ఇటుక నేననుకున్నంత చెడలేదు. రావి వేళ్లు దూరిన చివరి రెండు కమానులే నిలబడవు.

ఆ రెండూ తీసేసి మిగతావి సున్నంతోనే బాగుచేయొచ్చని చర్చి పెద్దలకు చెప్పాను. "గోడయితే తొందరగా అయిపోతుంది కదా సార్?" అన్నారొకరు. మేనత్త సంగతి చెప్పాను. వాళ్లలోనే ఒక ముసలాయన, "మా తాతకూ రాయి లేదు. బావి పక్క కమాను కిందనే మేము వత్తులు ముట్టించేది," అన్నాడు.

ఆ ఎండాకాలమంతా సున్నం పని నడిచింది. చివరి రెండూ పోయాయి, మిగతావి నిలిచాయి. పని అయ్యాక మేనత్తను మళ్లీ అక్కడికి తీసుకెళ్లి, "అమ్మకు ఇప్పుడైనా ఒక రాయి వేయిద్దామా?" అన్నాను.

"ఇన్నేండ్లకు రాయెందుకప్పా? ఈడ సల్లగా ఉండాది, కూసో," అని వసారాలో చోటు చూపించి, సంచిలోంచి కమలాపండు తీసి ఒలిచింది.