చిప్‌కు జడ కట్టిన మేస్టారు

మా ఎదురింటి మేస్టారు పోయారన్న కబురు ఆదివారం ప్రార్థన మధ్యలో వచ్చింది. వాక్యం తెరిచి గొంతెత్తి చెబుతున్నాను. మా ఆవిడ గుమ్మం దగ్గరకొచ్చి చెయ్యి ఊపింది. ఆ ఊపులోనే తెలిసిపోయింది. నిద్రలోనే గుండె ఆగిందట. గ్రంథం మూసి, "లేవండి, ఒక మంచి మనిషి కోసం నిలబడదాం" అన్నాను. ఆయన మా మందిరం మనిషి కాదు, వాళ్లింట్లో అప్పన్న స్వామి పటం ఉంటుంది. అయినా ఒక్కరూ కూర్చోలేదు.

చదువరులారా, నేను ఏడుస్తూ రాస్తాననుకుంటే పొరపాటు. ఆయన్ని తలుచుకుంటే నాకు కేక వెయ్యాలనిపిస్తుంది!

ఆయన నక్కపల్లి దగ్గర చెరకు రైతు ఇంట పుట్టారు. పెద్ద ఊళ్లో చాలా కాలం చిప్‌ల డిజైన్ పని చేసి, అనకాపల్లి తిరిగొచ్చి, ఇంజినీరింగ్ కాలేజీలో ఆ పాఠమే చెప్పేవారు. దేన్నైనా రెండు ముళ్లు వేసి కట్టడం ఆయన అలవాటు. సంచీకి రెండు, చెప్పుల పెట్టెకు రెండు. టిఫిన్ క్యారేజీకి గొళ్లెం ఉన్నా పైన తాడు చుట్టి, దానికీ రెండు. కాలేజీలో ఆకలితో ఆ ముళ్లు విప్పుకోలేక తనను తానే తిట్టుకునేవారట.

నేను బడిలో చదివింది తక్కువ. అక్షరాలు వాక్యం చదవడానికే నేర్చుకున్నాను. అలాంటి నన్ను ఆయన, చుట్టరికం లేకపోయినా బావా అని పిలుస్తూ, అరుగు మీద కూర్చోబెట్టి చిప్ గురించి చెప్పారు.

"బావా, మీ గ్రంథంలో ముందు పుట్టింది వెలుగే గదా? మా పనీ దాంతోనే. సిలికాన్ పలక మీద గీతలు వెలుతురుతో అచ్చేత్తాం. నీ తల వెంట్రుక మందంలో వందల గీతలు."

"వెలుతురుతో గీతేటి మేస్టారూ!"

"అంత సన్నం చేసేసరికి అదీ మాట వినదు. మూల పదునుగా గీత్తే గుండ్రంగా అచ్చవుతాది. అందుకని మూలకి చిన్న చెవులు తగిలించి గీత్తాం. అచ్చయ్యేసరికి చెవులు పోయి మూల తిన్నగా వస్తాది."

నేను అరుగు మీంచి లేచి "హల్లెలూయా!" అని అరిచాను. కింద పడుకున్న కుక్క లేచి పారిపోయింది.

"ఇంకెప్పుడూ నీకు చెవుల గురించి చెప్పను బావా" అని ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు.

మా అమ్మాయి ఆయన దగ్గరే చదివింది. ఆఖరి ఏడాది తన జట్టు ఒక చిప్ డిజైన్ చేసింది. బెల్లం పెనంలో పాకం వేడి కనిపెట్టి, దించే వేళకు పచ్చదీపం వెలిగించే చిప్. చాలా కాలేజీల డిజైన్లు ఒకే పలక మీద కలిపి అచ్చేసే ఏర్పాటులో వీళ్లకు ఒక్క చోటు దొరికింది. ఒక్కసారే. చిప్ పనిచేయకపోతే మళ్లీ అచ్చు వేయించుకునే దారి లేదు.

చిప్‌లో తీగలు అంతస్తులుగా ఉంటాయి. పై తీగనూ కింది తీగనూ కలిపే నిచ్చెన లాంటి దాన్ని వయా అంటారు. జట్టు అన్ని చోట్లా ఒక్కో వయా పెట్టి, పంపడానికి సిద్ధమైంది. మేస్టారు ఒప్పుకోలేదు. రెండేసి ఉండాలన్నారు. మా అమ్మాయి రెండు రోజులు మూతి ముడుచుకుంది. ఆయన మమ్మల్నిద్దరినీ వాళ్ల చెరకు తోటకు తీసుకెళ్లారు.

వానాకాలం గాలి విసురుగా ఉంది. మా వైపు చెరకు ఏపుగా ఎదిగాక ఎండుటాకును తాడులా మెలిపెట్టి, పక్కపక్క గడలను కలిపి కడతారు. జడచుట్టు అంటారు. తోటంతా నిలబడి ఉంది. గట్టు పక్కన కట్టకుండా వదిలేసిన గడలు నేల కరుచుకున్నాయి.

"సార్, సాఫ్ట్‌వేర్ అంతా చెక్ చేసి తప్పు నేదంది కదండీ!" అంది మా అమ్మాయి.

"సాఫ్ట్‌వేర్‌కి నీ గీత తెలుసు తల్లీ. ఫ్యాక్టరీలో ధూళి ఎక్కడ వాలతాదో దానికేటి తెలుసు? డిజైన్ కంప్యూటర్ తెర కోసం కాదు, ఫ్యాక్టరీ కోసం గియ్యాల."

"రెండేసి పెడితే జాగా చాలదండీ. మెమరీ సగం తీసెయ్యాలి."

"తీసెయ్."

"తెలివితక్కువ చిప్ అయిపోతాది సార్!"

"పెనం దగ్గర నిలబడే తెలివితక్కువోడు చాలు నాకు. అన్నీ తెలిసుండి గాలికి పడిపోయినోడు ఎందుకు?"

నేను ఊరుకోగలనా! "ఇద్దరుంటే ఒకడు పడినా రెండోవాడు లేపుతాడని వాక్యంలోనే ఉంది!" అన్నాను.

"చూసేవా, మీ నాన్న గ్రంథంలో వయాల గురించి ఎప్పుడో రాసేసేరు" అన్నారు మేస్టారు.

"ఇద్దరూ ఒకటైపోయేరు" అని మా అమ్మాయి పడిపోయిన గడల వైపు చాలాసేపు చూసింది. ఆ వారమే మెమరీ సగం తీసేశారు. వయాలన్నీ జంటలయ్యాయి. డిజైన్ వెళ్లిపోయింది.

తర్వాత నెలల తరబడి మేస్టారిది ఒకటే ప్రశ్న. పొద్దున్నే మా గుమ్మం ముందు నిలబడి, "తల్లీ, కొరియర్ వచ్చిందా?" మా అమ్మాయి "మీరే ముందు విప్పుదురు సార్" అనేది. "విప్పడం నా వల్ల కాదమ్మా, నాకు కట్టడమే వచ్చు" అనేవారు.

ఆయన పెద్దకర్మ అయిన మర్నాడు ఆ కొరియర్ వచ్చింది.

కాలేజీలో ఒక్కో చిప్ పరీక్షించారు. మొదటిది వెలిగింది. రెండోది వెలిగింది. పెట్టెలో ఉన్నవన్నీ వెలిగాయి! ఎక్కడ ఏ వయా దెబ్బతిందో, అసలు దెబ్బతిందో లేదో మనకు కనబడదు. దెబ్బతిన్నా మనకు తెలియకుండా చేయడమే ఆయన పని. మా అమ్మాయి అలవాటు కొద్దీ ఎదురింటికి పరుగెత్తి, గుమ్మం దగ్గర ఆగిపోయింది. మేస్టారి భార్య బయటికొచ్చి తన చేతిలోని చిప్ చూశారు.

"వచ్చేసిందా? ఇక్కడ నిలబడి ఏడుత్తావేటే! పద, పెనం దగ్గరికి."

నక్కపల్లి తోటలో పొయ్యి మండుతోంది. చిప్ బోర్డుకు తగిలించిన వేడి కొలిచే పుల్లను పాకంలోకి దించారు. పాకం చూసే ముసలాయన దాని వైపు అనుమానంగా చూసి, "ఏటే ఇది, నాకు పోటీయా?" అన్నాడు. ఆవిరి కమ్మేసింది. బుడగలు చిక్కబడ్డాయి. ఉన్నట్టుండి పచ్చదీపం వెలిగింది. ముసలాయన చుక్క పాకం నీళ్లలో వేసి వేళ్లతో నలిపాడు. ఉండ కట్టింది.

"ఓర్నీ! దించండ్రా!"

నా గొంతు ఆపడం ఎవరి వల్లా కాలేదు. ఆ హల్లెలూయా తోట చివరిదాకా వెళ్లింది.

కాసేపటికి చూస్తే మేస్టారి భార్య మా పక్కన లేరు. చెరకు గట్టు దగ్గర ఒంటిగా ఒరిగిన గడనొకదాన్ని పక్క గడలకు చేర్చి, ఎండుటాకు మెలిపెట్టి కడుతున్నారు. ముడి వేశారు. చెయ్యి తీసి రెండడుగులు నడిచారు. మళ్లీ వెనక్కొచ్చి, రెండో ముడి వేశారు.