రేగుచెట్టెక్కిన చెప్పులు

ఆ వయసులో, డబ్బిచ్చి కొనకూడనివి లోకంలో రెండే ఉన్నాయని నా గట్టి నమ్మకం: మంచినీళ్ళు, రేగుపళ్ళు. తొంభైల చివర కోనసీమ నుంచి కువైట్‌లో దిగిన వారానికే నీళ్ళ విషయంలో ఓడిపోయాను. రేగుపళ్ళ పట్టుదల మాత్రం ఆ చలికాలం చివరిదాకా నిలిచింది. అప్పుడు అబూ హలీఫాలో అక్కాబావల ఫ్లాట్‌లోనే ఉండేవాణ్ణి. అక్కకి మూడో నెల, వేవిళ్ళతో గుక్కెడు నీళ్ళు కూడా కడుపులో నిలిచేవి కావు. ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే ఆస్పత్రిలో చేర్చాల్సిందేనని డాక్టరమ్మ చెప్పేసింది. అక్క గోడవైపు తిరిగి పడుకుని, "ఒరేయ్ తమ్ముడూ, నాలుగు పుల్ల రేగుపళ్ళుంటే తినాలనుందిరా" అంది. అన్నం పేరెత్తితేనే వాంతి చేసుకునే మనిషి నోట 'తినాలనుంది' అని వినగానే బావ కారు తాళాలు అందుకున్నాడు.

అది శుక్రవారం పొద్దున్న, సెలవు; తిన్నగా వఫ్రాలో ఒక తోటకి వెళ్ళాం. టమాటా పందిళ్ళ వెనక, కంచె పొడుగునా రేగుచెట్లు, విరగకాసి ఉన్నాయి. అక్కడ పనిచేసే కడప అన్న, "పెట్టె తెస్తా, రోంతసేపు నిలబడండప్పా" అని లోపలికి వెళ్ళాడు. నిలబడితే బాగుండేది. (మా ఊళ్ళో రేగుచెట్టు కింద చేతులు కట్టుకుని నిలబడినవాణ్ణి మనిషిగా లెక్కవేయరు.) అలవాటు ప్రకారం కాలి చెప్పు తీసి కొమ్మల్లోకి విసిరాను. ముళ్ళకి తగులుకుని అక్కడే ఉండిపోయింది. దాన్ని దింపడానికి రెండోది విసిరితే, అదీ దానికి తోడుగా వెళ్ళింది. బావ బూట్లవైపు చూశాను.

"బావగారండీ, ఒక్క బూటు..."

"ఆయ్, కాలు కూడా ఊడదీసి ఇమ్మంటావేంట్రా?" అంటూనే విప్పి ఇచ్చాడు, పాపం. అదీ దిగలేదు. కిందపడినవి మూడే పళ్ళు, అందులో ఒకటి పిట్ట కొరికినది.

సరిగ్గా అప్పుడే తోట యజమాని, తెల్ల గడ్డం పెద్దాయన, వచ్చి, "షినూ హాదా?" అన్నాడు. ఏమిటిదని ఆయన అడుగుతుంటే, ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, కొత్తగా పడిన నా ఇఖామా, కళ్ళముందు గాల్లో ఎగిరిపోయింది. పెట్టెతో వచ్చిన కడప అన్న తలపట్టుకుని, "ఏందప్పా, చెప్పులు కాసే చెట్టనుకుంటివా?" అన్నాడు. ఒంటికాలి మీద నిలబడిన బావ మాత్రం ధైర్యం చేసి, "మదామ్ హామిల్. అకల్ మాఫీ" అన్నాడు. ఇంటావిడ కడుపుతో ఉంది, తిండి లేదు అని.

పెద్దాయన ఒకసారి చెట్టుకేసి చూసి భుజాలు కదిలేలా నవ్వాడు. గెడకర్ర తెప్పించి కొమ్మలు దులిపించాడు. కిందకి వంగి, ఎర్రబారిన పళ్ళు తానే ఏరి పెట్టె నింపాడు. బావ పర్సు తీస్తే "లా, లా" అని చెయ్యి అడ్డం పెట్టాడు. బూటు దిగింది, ఒక చెప్పు దిగింది, రెండోది చిటారుకొమ్మన ఉండిపోయింది. అప్పుడాయన తన తోలుచెప్పులు విప్పి నా ముందుకు తోసి, ఇసుకలో వట్టికాళ్ళతో ఇంటివైపు వెళ్ళిపోయాడు. నేను వాటిలో కాళ్ళు దూర్చి తలెత్తేసరికి గుమ్మం దాటేశాడు.

ఆ మధ్యాహ్నం అక్క లేచి కూర్చుని ఒక్కో పండే చప్పరిస్తూ తింది. గింజలు గిన్నెలో పడుతుంటే బావా నేనూ ఊపిరి బిగబట్టి వింటూ కూర్చున్నాం. ఏదీ వెనక్కి రాలేదు. సాయంత్రానికి చారన్నం అడిగింది. ఆస్పత్రి తప్పింది.

ఆ కడుపులోని పిల్ల ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది, రేగుపళ్ళంటే మొహం చిట్లిస్తుంది. తోలుచెప్పులు నా దగ్గరే ఉన్నాయి. నా పాదాలకి మరీ పెద్దవి, ఆ రోజు కారుదాకా ఈడ్చుకుంటూ నడిచానంతే. అప్పుడప్పుడు బయటికి తీసి నూనె రాస్తాను. ఆయన పేరైనా అడగకుండా వచ్చేసిన ఆ తెలివితక్కువ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. నవ్వయ్యాక, ఆయనకి చెప్పకుండా వచ్చేసిన థాంక్స్ ఆయన భాషలోనే, "షుక్రన్" అని పైకే అంటాను, పాతికేళ్ళు ఆలస్యంగా.