నాన్న మాటకు నేను చెప్పిన అనువాదం

అయిదేళ్లుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. చిన్నదే. "చాలా అందంగా ఉందంటున్నారు." మూడు మాటలు. నాన్న అన్నట్టుగా నేను చెప్పాను. నాన్న అనలేదు.

అప్పుడు ఆ గదిలో ఉన్నది నేను కాక ఇద్దరే. మా నాన్న, మార్గరెట్. ఇద్దరూ పోయారు. అడిగేవాళ్లు లేరన్న ధైర్యంతోనే ఇప్పుడు చెబుతున్నానా? ఈ ప్రశ్న చాలాసార్లు వేసుకున్నాను. కొంతవరకు అంతే అనుకుంటాను. మిగతా కారణం సంతోషం. ఇద్దరిని పోగొట్టుకున్న మనిషి సంతోషం గురించి రాయడం మీకు వింతగా ఉండవచ్చు. ఉన్నది అదే, అందుకని అదే రాస్తున్నాను.

కొత్త శతాబ్దం మొదలైన రెండో ఏడాది మేము ఆక్లండ్ వచ్చాం. మా ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మౌంట్ ఆల్బర్ట్‌లో అద్దె ఇల్లు. నాకు ఒక లైబ్రరీలో, పాత పుస్తకాల విభాగంలో, వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించే పని దొరికింది. మార్గరెట్ అక్కడే పనిచేసేది. అరవై దాటిన మనిషి. ముప్పై ఏళ్లుగా ఆమెకు ఒకటే పని. నాలుగు వందల ఏళ్ల క్రితం లండన్‌లో బతికిన ఒక ముద్రాపకుడు అచ్చువేసిన ప్రతి పుస్తకాన్నీ వెతికి పట్టుకుని, వరుసగా జాబితా రాయడం. అతను గొప్పవాడేం కాదు. చర్చి ప్రసంగాలు, పంచాంగాలు, గుర్రాల రోగాలకు మందులు, ఏ పని వస్తే అది వేసేవాడు. మా లైబ్రరీలో ఉన్నవి అతని పుస్తకాలు నాలుగే. మిగతా వాటికి ఇంగ్లండ్ నుంచి తెప్పించుకున్న ఫొటోలే ఆధారం.

చిక్కేమిటంటే అతను చాలా పుస్తకాల మీద ఏడాది వేయలేదు. ఏది ముందో ఏది తర్వాతో తెలియదు. అయితే అధ్యాయాల మొదట్లో ఒకటే బొమ్మ వేసేవాడు. కుండకు అటూ ఇటూ రెండు పక్షులు. చెక్కలో చెక్కిన బ్లాకు. దానికి అడ్డంగా ఒక పగులు. కొన్ని పుస్తకాల్లో అది వెంట్రుకంత, కొన్నిట్లో గడ్డిపరకంత. కాలం గడిచేకొద్దీ పగులు పెద్దదవుతుంది కదా అని, సన్న పగులున్న పుస్తకాలు ముందూ వెడల్పు పగులున్నవి వెనకా పెట్టి మార్గరెట్ మొత్తం వరుస తయారుచేసింది. చదువుకున్నవాళ్లెవరికైనా అది సబబుగానే తోస్తుంది.

చేరిన మొదటి వారంలో, టీ తాగుతూ, మీ నాన్నగారు ఏం చేస్తారని ఆమె నన్ను అడిగింది. లెక్చరరని చెప్పాను.

నాన్న తెనాలిలో కంపోజిటర్. అచ్చాఫీసులో నిలబడి ఒక్కో సీసపు అక్షరమూ ఏరి పేర్చే పని. ముప్పై ఎనిమిదేళ్లు చేశాడు. గోళ్ల సందుల్లో సిరా ఎప్పుడూ పోలేదు. ఎందుకు అబద్ధం చెప్పాను? అప్పటికే ఇక్కడి తెలుగువాళ్ల ఇళ్లలో నాలుగు భోజనాలకు వెళ్లాను. అందరి నాన్నలూ ఇంజినీర్లో, బ్యాంకు మేనేజర్లో. వాళ్లకు చెప్పిన మాటే అలవాటుగా ఇక్కడా చెప్పాను. నన్ను చదివించింది ఆ సిరాయేనని తెలిసి కూడా చెప్పాను. మార్గరెట్ నోట్లో ఆ లెక్చరర్ కొద్ది రోజులకే ప్రొఫెసర్ అయిపోయాడు. నేను సరిదిద్దలేదు.

తర్వాత రెండేళ్లకు నాన్న మూడు నెలలు మా దగ్గర ఉండటానికి వచ్చాడు. ఒక మధ్యాహ్నం లైబ్రరీ చూపించడానికి తీసుకెళ్లాను. జాబితా అచ్చుకు వెళ్లబోతోంది. పొడవాటి బల్ల మీద మార్గరెట్ ఆ పక్షుల బొమ్మ ఫొటోలన్నీ వరుసగా పరిచి ఉంచింది. నాన్న కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ముక్కు కాగితానికి ఆనేంతగా వంగాడు. ప్రూఫులు చూసేటప్పుడు అలాగే వంగేవాడు.

"ఇవి పేర్చిందెవరు అమ్మాయ్?"

"ఆవిడే నాన్నా."

"వరుస తప్పమ్మా. పగులు చూసి పేర్చినట్టుంది. పగులుదేముంది? ఎండకి విచ్చుకుంటది, తడిగుడ్డ చుట్టి ఉంచితే మూసుకుంటది. మన ప్రెస్సులో వినాయకుడి బ్లాకుకి ఏటా ఎండాకాలం నేను చేసిందదేగా! ఇదిగో, ఈ తెల్లచుక్కలు చూడమను. పురుగు తొలిచిన బెజ్జాలివి. వీటిని ఎవడూ పూడ్చలేడు. పెరగటమే గానీ తగ్గవు. ఇవి లెక్కపెట్టి పేర్చుకోమను, చాలు."

మార్గరెట్ నవ్వుతూ నా వైపు తిరిగింది. "ప్రొఫెసర్ గారు ఏమంటున్నారు?"

ఉన్నదున్నట్టు చెబితే ఆమె వెంటనే అడిగే ప్రశ్న నాకు తెలుసు. ఈయనకు ఇదంతా ఎలా తెలుసు? ఆ ప్రశ్నకు నా దగ్గర ఒకే జవాబుంది. ఆ జవాబు నాన్న గోళ్లలో, ఆమె కళ్ల ముందే ఉంది.

"చాలా అందంగా ఉందంటున్నారు" అన్నాను.

మార్గరెట్ రెండు చేతులతో నాన్న చెయ్యి పట్టుకుని ఊపింది. నాన్న మొహం వెలిగిపోయింది. తన మాట ఆమెకు చేరిందనుకున్నాడు.

"ఏమందమ్మా?"

"ఆవిడకి ముందే తెలుసట నాన్నా."

"తెలుసా! తెలిసీ ఇట్లా ఎందుకు పేర్చిందంటావ్?" ఒక్క క్షణం ఆలోచించాడు. "ఏదో ఉండే ఉంటదిలే. చదువుకున్న మనిషి."

కారెక్కాక, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "ప్రొఫెసర్ని చేసినదానివి, ఓ కోటైనా కొనాల్సింది అమ్మాయ్." ఆ ఒక్క ఇంగ్లీషు ముక్కా ఆయనకు తెలుసు. నవ్వుతూనే అన్నాడు. మళ్లీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

ఇక్కడితో ఆగితే ఇది ఒక కూతురి సిగ్గు మాత్రమే. ఆగలేదు. జాబితా అచ్చయింది. అందులో ఒక ముడి ఉంది. ఆ ముద్రాపకుడు ఒక పుస్తకం ముందుమాటలో, ప్రూఫులు దిద్దిపెట్టినందుకు భార్యకు కృతజ్ఞత చెప్పాడు. ఇంకో పుస్తకంలో, భార్య పోయాక చేస్తున్న పని ఇది, తప్పులుంటే మన్నించండి అన్నాడు. మార్గరెట్ వరుసలో భార్య పోయిన పుస్తకం ముందు వచ్చింది, కృతజ్ఞత చెప్పినది వెనక వచ్చింది. దాంతో ఆమె అడుగున ఒక వివరణ రాసింది. ఇతనికి మొదటి భార్య ఒకరు ఉండి ఉంటారని.

ఆ తర్వాత మార్గరెట్ మిగిలిన కాలమంతా ఆ మొదటి భార్యను వెతికింది. లండన్ చర్చీల పెళ్లి రికార్డుల కోసం ఉత్తరాల మీద ఉత్తరాలు. ఆమె చేతులు వణికేవి, అందుకని టైపు చేసింది నేను. ప్రతిసారీ లేదనే జవాబు వచ్చేది. ప్రతిసారీ ఆమె ఇంకో చర్చి పేరు చెప్పేది. నేను టైపు చేసేదాన్ని. ఒక్క వాక్యం చెప్పి ఉంటే ఆ ఉత్తరాలన్నీ ఆగిపోయేవి. తెలిసీ టైపు చేశాను. ఆమెకు కష్టం కలిగించకూడదని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమా? కాదు. ప్రొఫెసర్ ప్రొఫెసర్‌గానే ఉండాలి, అంతే.

నాన్న రెండేళ్ల క్రితం పోయాడు. మార్గరెట్ ఈ ఏడాది చలికాలంలో. ఆమె ఫొటోల పెట్టె నాకు ఇమ్మని రాసిపెట్టి వెళ్లింది. పైన ఒక చీటీ. ఆ మొదటి భార్య దొరికితే జాబితాలో చేర్చమని.

ఒక శనివారం మధ్యాహ్నం పెట్టె తెరిచాను. డైనింగ్ టేబుల్ మీద ఫొటోలు పరిచి, భూతద్దంతో పురుగు బెజ్జాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఏడాది వేసిన పుస్తకాల్లో ఆ పక్షుల బొమ్మ ఉన్నవి మూడే. మొదటిదాంట్లో ఒక చుక్క. రెండోదాంట్లో నాలుగు. మూడోదాంట్లో తొమ్మిది. ఆ మూడిట్లో పగులు కూడా పెరిగినట్టే ఉంది. పాపం, మార్గరెట్ అది చూసే నమ్మింది. తక్కినవన్నీ చుక్కల ప్రకారం జరపసాగాను. కృతజ్ఞత చెప్పిన పుస్తకం, మూడు చుక్కలు. భార్య పోయిన పుస్తకం, ఏడు.

ముందు కృతజ్ఞత. తర్వాత మరణం. ఒక్కతే భార్య.

గట్టిగా చప్పట్లు కొట్టాను. మా ఆయన వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది?"

"నాన్న రైటు."

"మావయ్యా? దేంట్లో?"

"అన్నిట్లో."

అతను టేబుల్ చుట్టూ తిరిగి చూశాడు. "నాకేం అర్థం కాలేదు గానీ, సేమ్యా పాయసం చేసేయనా?" అన్నాడు. చేశాడు కూడా. పాయసం తింటూ, ఏడుస్తూ, పదహారు పుస్తకాల వరుస మార్చాను. ఏదీ అడ్డం తిరగలేదు. ముప్పై ఏళ్లు ఒక మనిషి ఒంటరిగా కూడబెట్టిన జాబితా, తెనాలి అచ్చాఫీసులో నిలబడి పనిచేసిన ఇంకో మనిషి మాటతో, మొదటిసారి పూర్తిగా నిలబడింది. మార్గరెట్ కనుక్కున్న పుస్తకాల్లో ఒక్కటీ తప్పు కాదు. వరుస ఒక్కటే మారింది. లేని భార్య ఒక్కతే పోయింది. ఇంత ఆనందం నాకు ఉద్యోగంలో గానీ, ఈ దేశంలో గానీ ఎన్నడూ కలగలేదు. అది నాకు దక్కాల్సిన ఆనందం కాదని తెలుసు. అయినా కలిగింది.

సోమవారం మా విభాగం అధికారికి చూపించాను. కుర్రవాడే, చురుకైనవాడు. కాసేపు చూసి, "అద్భుతం! ఇది మీకెలా తెలిసింది?" అన్నాడు.

అయిదేళ్లు నేను తప్పించుకున్న ప్రశ్న. ఇంత మామూలుగా ఉంటుందనుకోలేదు.

"మా నాన్న కంపోజిటర్. ఆయన చెప్పాడు."

"మార్గరెట్‌కు కూడా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!"

"చెప్పాడు. ఈ బల్ల దగ్గరే" అన్నాను.

అతను ఫొటోలను మళ్లీ మొదటి నుంచి చూడసాగాడు. ఫరవాలేదు అనలేదు. అననందుకు అతనంటే నాకు గౌరవం కలిగింది. అనగలవాళ్లు ఇద్దరే. వాళ్లు లేరు. ఉన్నా అనేవాళ్లని నేను అనుకోను. నాన్న మాత్రం కోటు గురించి ఇంకో జోకు వేసేవాడేమో.

సవరించిన జాబితా పోయిన నెల అచ్చయి వచ్చింది. ముందు పేజీలో మార్గరెట్ పేరు ఎప్పటిలాగే ఉంది. కింద ఒక చిన్న వివరణ ఉంది. అది నేను రాసిందే. నాన్న పేరు అందులో ఇంటిపేరుతో సహా ఉంది. నా పేరు అందులో లేదు. ఈ పంపకం సరైనదే అనిపిస్తోంది. అది అచ్చులో చదువుకున్న రోజు, చేతిలో బరువేమీ లేనట్టు, పుస్తకం పట్టుకుని బస్సు స్టాపు దాటిపోయి ఇంటిదాకా నడిచాను. నాన్న పేరు ఒక్కటీ వదిలితే, అందులోని మాటలివి:

"పుస్తకాల వరుసను సరిచేసినవారు తెనాలికి చెందిన కంపోజిటర్. ఈ సంగతి ఆయన అయిదేళ్ల క్రితమే ఈ లైబ్రరీలో చెప్పారు. అనువాదం చేసిన మనిషి అబద్ధం చెప్పింది."