బావ కూర్చునే సీటు

అతని అసలు పేరు ఇంట్లోవాళ్లే మర్చిపోయారు. చిన్నప్పుడు స్కూటర్ నట్టొకటి మింగేసి ఇంటిల్లిపాదినీ హడలగొట్టాడని నట్టు అన్నారు. పెద్దయ్యాక కార్ల మెకానిక్ కావడంతో ఆ పేరే ఖాయమైపోయింది. పాతకాలం కార్లంటే అతనికి ప్రాణం. పొగిడితే ఉబ్బిపోతాడు, తప్పుపడితే మూతి ముడుచుకుంటాడు. అలాంటి మహానుభావుడికి తన పని మీద తనకే అనుమానం రావాలంటే భూమి బద్దలవ్వాలి.

అమ్మానాన్నలు పోయాక నట్టుని పెంచింది అక్కాబావలే. బావకి గుండ్రటి బానెట్ ఉన్న పాత కారొకటి ఉంది. వెన్నుకి ఆపరేషన్ అయ్యాక ఆయన దాన్ని నడపలేకపోయాడు. అప్పుడు అక్క, మోకాళ్ల నొప్పులు పుట్టే వయసులో, పంతం పట్టి డ్రైవింగ్ నేర్చుకుంది. రోజూ సాయంత్రం ఆయన్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని నది వంతెన దాకా తిప్పుకొచ్చేది. మంచానికీ కుర్చీకీ మధ్య బతికే మనిషికి ఆ కాసేపే ఊపిరి ఆడేది.

ఆ కారు చక్రాల దగ్గర కుదుపుల్ని మింగే రబ్బరు బుష్‌లు అరిగిపోయి, మలుపు తిరిగినప్పుడల్లా కారు మూలిగేది. నట్టు సరదాపడి, పందేల కార్లకి వేసే గట్టి రకం తెప్పించి మరీ బిగించాడు. అక్క ఓ చుట్టు తిప్పి వచ్చి, "ఒరేయ్, కారు చెప్పినట్టు వింటోందిరా! మీ బావ కంటే నయం," అంది. ఇంక నట్టుని పట్టేవాళ్లేరీ! "బావా, నీ జీవితంలో మళ్లీ ఇవి మార్చక్కర్లేదు," అన్నాడు. బావ నవ్వి, "భేషుగ్గా ఉన్నాయిరా," అన్నాడు.

వారం తిరక్కుండానే బావ షికారు మానేశాడు. ఒకరోజు ఓపిక లేదన్నాడు, ఇంకోరోజు ఎండగా ఉందన్నాడు, తర్వాత రేపు చూద్దామన్నాడు. ఆ రేపు రానేలేదు. అక్క కాసేపు తాళం చెవి పట్టుకుని గుమ్మంలో నిలబడి, మళ్లీ మేకుకి తగిలించేసేది. దిగులుపడి తమ్ముడికి చెప్పింది. నట్టు ఊరుకుంటేనా? తిన్నగా బావ గదిలోకి వెళ్లి దులిపేశాడు.

"నీకంటే బాగాలేనివాళ్లు తిరుగుతున్నారు బావా. నీది నొప్పీ కాదు, పాడూ కాదు. బద్ధకం."

బయటికొచ్చి అక్కతో, ఆయనకి వినపడేలాగే, "నువ్వు గారాబం చేసి చెడగొట్టావు. కొన్నాళ్లు పట్టించుకోకు, తనే దారికొస్తాడు," అన్నాడు.

అక్క ఆ సలహా అక్షరాలా పాటించింది. మాటలు తగ్గించింది. అనే ఆ నాలుగు మాటలూ ఎత్తిపొడుపులే. ఆ ఇంట్లో భోజనాల వేళ గిన్నెల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేకుండా పోయింది.

ఒకరోజు అక్క ఆయిల్ మార్పించడానికి కారుని నట్టు పనిచేసే షెడ్డుకి తెచ్చింది. వెళ్తూ వెళ్తూ తమ్ముణ్ని భోజనానికి రమ్మంది. ముందు సీటు నిండా ఆవిడ కొన్న పూలమొక్కల కుండీలు. సరేనని నట్టు వెనక కూర్చున్నాడు. మెకానిక్ అనేవాడు ఏ కారునైనా స్టీరింగు పట్టుకునే పరీక్షిస్తాడు గానీ, పనిమాలా వెనక ఎక్కి కూర్చోడు. వీధి మలుపులో చిన్న గతుకు వచ్చింది. నడుము మీద సుత్తితో కొట్టినట్టయింది. ఆ వెంటనే ఇంకోటి. ముందు అక్క హాయిగా నడుపుతోంది, ఆవిడకేమీ తెలియడం లేదు. వెనక సీటు సరిగ్గా ఇరుసు మీద ఉంది. తను ముచ్చటపడి వేసిన ఆ గట్టి బుష్‌లు రోడ్డు మీది ప్రతి దెబ్బనీ తెచ్చి అక్కడ కూర్చున్న మనిషి వెన్నుకి అప్పజెబుతున్నాయి. దుక్కలా ఉన్న తనకే ఇలా ఉంటే బావకి ఎలా ఉండి ఉంటుంది?

నట్టు ముందు సీటు పట్టుకుని, నడుము ఆన్చకుండా ముందుకి జరిగాడు.

"ఏంట్రా, ఉలుకూ పలుకూ లేదు?" అంది అక్క.

"ఏం లేదక్కా," అన్నాడు. ఆ పూట భోజనాల దగ్గర ఎదురుగా కూర్చున్న బావ మొహంలోకి చూడాలంటే సిగ్గేసింది.

మర్నాడు మెత్తటి రబ్బరు బుష్‌లు పట్టుకుని అక్కావాళ్లింటికి వెళ్లాడు. కారు పెట్టే షెడ్డులో దాన్ని జాకీల మీద ఎత్తి, కింద బావ ఎప్పుడో తవ్వించుకున్న గోతిలోకి దిగి, గట్టివన్నీ ఊడబీకి పారేశాడు. కొత్తవి తొడిగాడు. అయితే చక్రాలు గాల్లో వేలాడుతుండగా బోల్టులు బిగించేస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరిగిపోతుంది. కారు నేల మీద నిలబడి, లోపల మనుషుల బరువు పడ్డాకే ఆఖరి బిగింపు. అందుకని కారుని కిందికి దించి, బావని బతిమాలి వెనక సీట్లో కూర్చోబెట్టాడు. మళ్లీ గోతిలోకి దిగాడు.

"ఎందుకు చెప్పలేదు బావా?" అని అక్కణ్నుంచే అడిగాడు. ఎదురుగా నిలబడి అడిగే ధైర్యం లేదు.

పైన సీటు కిర్రుమంది. "ఎలా చెప్పనురా? నువ్వు సంపాదించి ఈ ఇంటికి తెచ్చిన మొదటి వస్తువు. బిగించేటప్పుడు నీ మొహం నువ్వు చూసుకోలేదు, నేను చూశాను."

"నిన్ను బద్ధకస్తుడన్నాను."

"అన్నావు. పోనీలే. మీ అక్కకి మాత్రం చెప్పకు. సరుకు నాసిరకందని నేను సర్దిచెప్తాను. నీ పని మీద దానికున్న నమ్మకం అలాగే ఉండనీ."

నట్టుకి ఏడుపు తన్నుకొచ్చింది. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

అంతలో అక్క చెప్పులు గోతి అంచున ఆగాయి. "మొన్న వేసినవేగా? అప్పుడే ఏమైంది?"

"నాసిరకంవట," అన్నాడు బావ పైనుంచి.

అవునంటే గండం గడిచిపోతుంది. నట్టు అనబోయి ఆగాడు.

"కాదక్కా. సరుకు మంచిదే, బుద్ధి లేనిది నాకే. ఈ కారుకి అంత గట్టివి వేయకూడదు. దెబ్బలన్నీ బావ నడుముకి తగిలాయి. అందుకే రావడం మానేశాడు."

"నీ మాట విని ఈయన్ని ఎన్నెన్ని మాటలన్నానో నీకు తెలుసురా?" అంది అక్క.

వెనక తలుపు తెరుచుకుంది. కారు ఇంకాస్త కిందికి దిగింది. పైన ఆవిడ ఏదో అంటోంది, మధ్యలో ఆగిపోతోంది, మళ్లీ అంటోంది. అవి తన కోసం కాదని నట్టు చెవులు మూసుకున్నంత పని చేశాడు.

కాసేపటికి బావ పిలిచాడు. "ఒరే నట్టూ, మీ అక్క కూడా ఎక్కింది. ఈ బరువుతో బిగించొచ్చా?"

"బిగించొచ్చు బావా."

"అయితే కానీయ్. ఎండ తగ్గింది, వంతెన దాకా వెళ్లొస్తాం."

అక్క మాత్రం నట్టుతో ఒక్క ముక్క మాట్లాడలేదు. అతను స్పానరు అందుకున్నాడు గానీ, కళ్లు తుడుచుకునేదాకా బోల్టు ఎక్కడుందో కనపడలేదు.